నాదీ పూచీ

మా పక్క వాటాలో మెకానిక్ మస్తాన్ కుటుంబం ఉంటుంది. అతని కూతురు షబానా డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఇంగ్లీషులో ఏదైనా అడ్డం తగిలితే మధ్య గోడ దగ్గర నిలబడి "టీచరమ్మా" అని కేకేస్తుంది. మొన్న అట్లాగే పిలిచి, "వౌచ్ ఫర్ అంటే ఏంది టీచరమ్మా?" అని అడిగింది. చేతిలో ఫోను పెట్టుకుని నన్నెందుకు అడుగుతున్నావే అన్నాను. ఫోనేమో 'హామీ ఇచ్చు' అని చెప్పిందట, అది వాక్యంలో కుదరడం లేదట. నాకు ఒళ్లు మండింది. హామీ అనేది ఎన్నికలప్పుడు మైకులో ఇచ్చేది. ఇచ్చినవాడికీ గుర్తుండదు, పుచ్చుకున్నవాడికీ గుర్తుండదు. "పూచీ పడటం అని రాసుకో" అన్నాను. "పూచీ అంటే?" అంది. నరసరావుపేటలో పుట్టి పెరిగిన పిల్ల పూచీ అంటే ఏమిటని అడుగుతోంది. ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పబోతే తెలుగు మాటకు కూడా అర్థం చెప్పాల్సి వచ్చింది.

ముప్పై ఏళ్లకు పైగా బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని కాబట్టి పాఠం చెప్పే పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఇది కాస్త బరువైన మాట. కూరగాయల బేరంలోనూ, బస్సు స్టాండులోనూ వాడేది కాదు. ఒక మనిషి మంచివాడని గానీ, ఒక సంగతి నిజమని గానీ నలుగురి ముందు మన పేరు అడ్డం పెట్టి చెప్పేటప్పుడు వాడతాం. 'ఐ కెన్ వౌచ్ ఫర్ హిజ్ ఆనెస్టీ' అంటే 'అతని నిజాయితీకి నాదీ పూచీ' అని. షబానా తలూపింది గానీ ఆమె మొహం చూస్తే అర్థమైనట్టు లేదు. ఆమెను అనడానికి లేదు, అట్లా చెబితే నాకూ అర్థమయ్యేది కాదు. నేను ఆ మాట నేర్చుకున్నది మా ఊళ్లో పాలకేంద్రం అరుగు ముందు, మా నాయనమ్మ రత్తమ్మ నోటినుంచి. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. పైగా లోకంలో ఎవరినీ నమ్మేది కాదు. "లోపలికి రా, కూర్చో. ఇది నిలబడి చెప్పేది కాదు" అన్నాను షబానాతో. ఆ సాయంత్రం ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు నరసరావుపేట నుంచి శావల్యాపురం వైపు పోయే దారిలో, తారు రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. కళ్లంలో ధాన్యం రాశి పోసినప్పుడు దొంగ చెయ్యి పెడితే తెలిసేలా రాశి చుట్టూ బూడిదతో ముద్రలు వేయడం మా వైపు రైతులందరికీ అలవాటే. మా నాయనమ్మ ఆ ముద్ర ఇంట్లోకి కూడా తెచ్చింది. నెయ్యి గిన్నె మూత అంచున బూడిద గీత ఉండేది. పచ్చడి జాడీ మూతికి కట్టిన వాసెనగుడ్డకు ఆమె ఒక్కతికే విప్పడం వచ్చిన ముడి ఉండేది. పాలు తెచ్చినవాడు గుమ్మంలో నిలబడగానే చెంబు ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది మీ కొమ్ముల బర్రె పాలు కాదురా, ఎవరి బర్రెదో చెప్పు" అనేది. ఒక్కోసారి ఆమె అన్నది నిజమయ్యేది కూడా. అదే మా ఇంటి దురదృష్టం, ఒక్కసారి నిజమైతే ఆర్నెల్లు మాకు ఊపిరాడేది కాదు. డాక్టరు సూది వేస్తే అందులో మందుందా, నీళ్లున్నాయా అని అడిగేది. బస్సులో కండక్టరు ఇచ్చిన టిక్కెట్టు తనకు చదవడం రాకపోయినా తిప్పి తిప్పి చూసేది. మధ్యాహ్నం పంచలో చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తూ కునుకుపాట్లు పడేది గానీ, ఎవరైనా ఆ దారిన పోతే కళ్లు తెరవకుండానే "యాడికి?" అనేది. ఎండుమిరప ఘాటు, ఆముదం వాసన, ఆ ఒక్క ప్రశ్న, ఇవి మూడూ కలిస్తే నా చిన్నతనం.

ఆమెను అని ఏం లాభం, ఊరే అట్లాంటిది. తూర్పు బజారుది ఒక పార్టీ, పడమటి బజారుది ఒక పార్టీ. ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో చెప్పగలిగినవాళ్లు పోయారు, పగ మాత్రం మిగిలింది. మా ఊళ్లో ఎవర్నైనా "ఎక్కడికి పోతున్నావు?" అని అడిగితే "ఏం, ఎందుకు?" అనేవాళ్లే గానీ పోయే చోటు చెప్పేవాళ్లు కాదు. పార్టీల్లో తిరిగే మగవాళ్లు పొలానికి పోయిన దారిన తిరిగి వచ్చేవాళ్లు కాదు. తూర్పు బజారు వాళ్లలో ముఖ్యుడు వెంకటప్పయ్య అని భారీ మనిషి, పెద్దగా నవ్వేవాడు. ఊరి వరసకు నాయనమ్మను అత్తా అనేవాడు. ఆయన కూతురు సామ్రాజ్యం నా తరగతి. మా నాన్న ఏ పార్టీలోనూ లేడు. దాంతో రెండు పార్టీలవాళ్లూ ఆయన్ని అవతలివాడనే అనుకునేవాళ్లు.

అట్లాంటి ఊరి హైస్కూలుకు ఇంగ్లీషు చెప్పడానికి పురుషోత్తం మాస్టారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉండేవారు. అద్దెకు మా ముందు గది అడిగారు. నాయనమ్మ ఆయన్ని పంచలో నిలబెట్టే "ఎవరి తాలూకయ్యా నువ్వు?" అంది. మా వైపు కొత్తవాడిని మొదట అడిగే ప్రశ్న అదే. పలానా వాళ్ల మేనల్లుడినో, పలానా ఊళ్లో పలానా వారి తోడల్లుడినో అని చెప్పాలి, ఎక్కడో ఒకచోట తీగ కలవాలి. ఆయన పాపం నిజం చెప్పారు. "ఎవరి తాలూకూ కాదమ్మా. అమ్మానాన్నా పోయారు. మాచర్ల అవతల పినతండ్రి దగ్గర పెరిగాను. ఆయనా పోయాడు" అన్నారు. తీగ ఎక్కడా కలవలేదు. దానికి తోడు ఆయన కిరసనాయిలు పొయ్యి మీద సొంతంగా వండుకునేవారు, కూరలో కారం వేసుకునేవారు కాదు. కడుపులో పుండట. "మాచర్ల వైపోణ్ణంటాడు, కారం తినడంట. ఇందులో ఏందో ఉంది" అని నాయనమ్మ తేల్చేసింది. మరి గది ఎందుకిచ్చావమ్మా అని నాన్న అడిగితే, "ఇంకోళ్ల ఇంట్లో ఉంటే నాకెట్టా తెలుస్తది? కళ్ల ముందుంటేనే కనిపెట్టేది" అంది. నాన్న తల పట్టుకున్నాడు.

సాయంత్రం పూట మాస్టారు ఆ గదిలోనే మాకు ట్యూషను చెప్పేవారు. అప్పటిదాకా మాకు ఇంగ్లీషంటే ఆవు మీద వ్యాసం కంఠతా పట్టడం. ఈయన పద్ధతి వేరు. భాష ముందు నోటికి రావాలి, నోటికి రావాలంటే మనకు తెలిసిన సంగతే చెప్పాలి అనేవారు. ఒక్కొక్కరిని లేపి ఇంగ్లీషులో అడిగేవారు. మీ నాన్న ఎన్నింటికి లేస్తాడు? పొలానికి ఎన్నింటికి పోతాడు? ఏ దారిన పోతాడు? తోడు ఎవరు పోతారు? తిరిగి ఏ దారిన వస్తాడు? మేం ఉత్సాహంగా చెప్పేవాళ్లం. అందరికంటే గట్టిగా సామ్రాజ్యం చెప్పేది. 'మై ఫాదర్ గోస్ టు ది ఫీల్డ్ బిఫోర్ సన్‌రైజ్. హి రిటర్న్స్ బై ది కెనాల్ రోడ్. హి కమ్స్ అలోన్.' మాస్టారు సంతోషపడి వెరీ గుడ్ అని, ఇంకోసారి చెప్పించేవారు. కిటికీ అవతల పంచలో తొడిమలు తీస్తున్న నాయనమ్మ నన్ను పిలిచి, ఏమడిగాడు, అదేం చెప్పింది అని ఆరా తీసింది. తెలుగులో చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకంటనే ఇయ్యన్నీ?"

"ఇంగ్లీషు కోసం నాయనమ్మా."

"ఇంగ్లీషుకి ఎంకటప్పయ్య పొలం దారెందుకే?"

ఆ రోజు నుంచి పాఠం జరిగినంతసేపూ ఆమె కిటికీ కింద నుంచి కదిలేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, మా ఊళ్లో పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ ప్రశ్నలు వింటే గుండె గుభేలుమంటుంది. ఏ తల్లీ తన బిడ్డ నోట రానివ్వని సంగతులన్నీ ఆయన వరసగా, ఓపిగ్గా, తప్పులు దిద్ది మరీ చెప్పించుకుంటున్నారు. ఆయనకు ఆ ఊహే లేదు. కనీసం, లేదనే మేమనుకున్నాం.

మిరపకాయల కోతలప్పుడు వెంకటప్పయ్యను కాలవ కట్ట మీద ఎవరో అటకాయించి కాలు విరగ్గొట్టారు. ముఖాలకు గుడ్డలు కట్టుకున్నారట, ఎవరో తెలియలేదు. పడమటి బజారు వాళ్లు మాకేం సంబంధం లేదని ఒట్టేశారు. ఊరంతా తలుపులు వేసుకుంది. అప్పుడు సామ్రాజ్యం తల్లికి కూతురు రోజూ ఇంట్లో వల్లె వేసే పాఠం గుర్తొచ్చింది. అర్థం చెప్పమంది, ఆ పిల్ల చెప్పింది. ఇంకేముంది, "పసిపిల్ల నోట దారి చెప్పించుకుని అమ్మేశాడు" అని ఆమె బజాట్లో నిలబడి మాస్టారిని శాపనార్థాలు పెట్టింది. తూర్పువాళ్లకు ఆ మాట సరిగ్గా అతికింది. పడమటివాళ్లకు ఇంకా బాగా అతికింది. ఊళ్లోవాడిని అనుమానిస్తే రేపు వాడి మొహం చూడాలి, వాడి పొలం గట్టు మీద నడవాలి. పై ఊరివాడైతే ఆ బాధ లేదు. రెండు బజార్లూ ఒక్క మాట మీదికి రావడం నా ఎరుకలో అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున పాల క్యాన్లు వెళ్లిపోయాక పాలకేంద్రం ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. వెంకటప్పయ్యను కాలికి కట్టుతో నులకమంచం మీద మోసుకొచ్చారు. మాస్టారిని ఎదురుగా నిలబెట్టారు. పిల్లలం గోడ పక్కన చేరాం. పెద్దమనుషుల్లో పెద్దవాడు కోటయ్య తాత, గొంతు ఎత్తకుండా మాట్లాడేవాడు, అదే ఎక్కువ భయంగా ఉండేది.

"ఆ పిల్లని వాళ్ల నాన్న దారి అడిగింది నిజమేనా మేష్టరూ?"

"నిజమేనండీ. అందరినీ అడుగుతాను. తెలిసిన సంగతైతే భాష తొందరగా వస్తుందని."

"అందర్నీ అడుగుతాడంట, విన్నారా" అన్నారెవరో వెనకనుంచి. జనంలో గోల లేచింది. ఆయన ఎంత నిజం చెబితే అంత ఊబిలోకి దిగుతున్నారు. కోటయ్య తాత చెయ్యి ఎత్తి, "నీకిక్కడ ఎవరన్నా పూచీ ఉన్నారా?" అన్నాడు. మా వైపు పద్ధతి అది. రుజువు లేని అనుమానం పైవాడి మీద పడితే, ఊళ్లోవాళ్లొకరు అతనికి పూచీ పడాలి. కాగితం గీగితం ఉండదు. నలుగురి ముందు నోటితో ఆ మాట అనాలి. అన్నాక అతను చేసిందంతా తను చేసినట్టే. రేపు అతను దొంగని తేలితే ఊరు పట్టుకునేది పూచీ పడ్డవాడిని. అతను పారిపోతే వెతికి తేవాల్సిందీ వాడే. పెద్దమనుషులే మళ్లీ కూర్చుని "పూచీ దించాం" అనే దాకా అది మీద ఉంటుంది. ఎవరూ పూచీ పడకపోతే అతను పొద్దుగూకేలోపు ఊరు వదలాలి. బస్సు ఎక్కించే వంకతో తూర్పు బజారు కుర్రాళ్లు కర్రలతో వెంట పోతారు. ఆ మూడు మైళ్ల దారిలో ఏం జరుగుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. మాస్టారికీ తెలిసిందనుకుంటాను, ఆయన మెడ దగ్గర గుండీ మీద చెయ్యి వేసుకుని అట్లాగే ఉండిపోయారు. హెడ్మాస్టరు ఏదో పని మీద పేట వెళ్లాడన్నారు. మా నాన్న కాళ్ల ముందు నేల చూస్తున్నాడు. సామ్రాజ్యం వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎవరైనా ఒక్కరు మాట్లాడితే బాగుండునని నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

"నాదీ పూచీ."

చీరె కుచ్చెళ్ల నిండా మిరప తొడిమలతో నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. ఆమె కోటయ్య తాత వైపు చూడలేదు, నేరుగా మంచం మీదున్న వెంకటప్పయ్యతోనే మాట్లాడింది.

"ఏరా ఎంకటప్పయ్యా, నువ్వు కాలవ కట్ట మీద వత్తావని తెలుసుకోను ఇంగ్లీషు చదవాల్నా? నీ చుట్ట వాసన మూడు పొలాల అవతలకి కొడతది. ఊళ్లో గొడ్లకి తెలుసు నీ దారి. గొడ్లని కూడా పంచాయితీకి పిలిపించు."

ఎవరో నవ్వారు. వెంకటప్పయ్య నవ్వలేదు. "అత్తా, కన్న కొడుకుని కూడా నమ్మని మనిషివి. ఈయన్నెట్టా నమ్మావు?" అన్నాడు.

"నమ్మానని నేనన్నానా? పూచీ అన్నా."

కోటయ్య తాత ఆమె వైపు తిరిగాడు. "రత్తమ్మా, రేపేదన్నా తేలితే నీ గుమ్మంలోకి వత్తాం. అప్పుడు ఆడమనిషినంటే కుదరదు" అన్నాడు. "రండి. గుమ్మం యాడికీ పోదు" అంది. పంచాయితీ అక్కడితో ముగిసింది.

ఇంటికి వచ్చాక నాన్న జీవితంలో మొదటిసారి తల్లి మీద అరిచాడు. నీకెందుకమ్మా, రెండు పార్టీల మధ్యా నలిగిపోతున్నాం, ఇప్పుడు ఇదొకటా అన్నాడు. "నా ఇంట్లో ఉండేవోణ్ణి నేను అనుమానిత్తా. ఊరోళ్లెవురు అనుమానించను?" అంది. నాన్న బయటికి వెళ్లిపోయాక నేను దగ్గరికి చేరి, "నిజంగా ఆయనే చెప్పుంటే ఎట్లా నాయనమ్మా?" అని అడిగాను. ఆమె చేటలో మిరపకాయలు ఎగరేస్తూ, "చెప్పుంటే నా కర్మ. చెప్పకపోతే మాత్రం అది ఆయన కర్మ కాకూడదుగా" అంది. ఆ ఘాటుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకేనో కాదో నాకు తెలియదు.

మర్నాడు సాయంత్రం ట్యూషనుకు నేనూ, ఇంకో ఇద్దరూ మాత్రమే మిగిలాం. మాస్టారు బల్ల మీద సుద్దతో వౌచ్ ఫర్ అని రాశారు. దీనికి తెలుగులో పూచీ పడటం అంటారని, ఇది పెద్ద మాట అని, రోజూ వాడేది కాదని, మనిషి జన్మలో ఒకటి రెండు సార్లు వాడినా చాలని చెప్పారు. వాక్యంలో మా నాయనమ్మ పేరే పెట్టారు. కిటికీ కింద నుంచి నాయనమ్మ "ఏమంటన్నాడే?" అంది. నీ గురించే నాయనమ్మా అన్నాను. "నా గురించెందుకు? మళ్లీ ఏం కూపీ లాగుతున్నాడు?" అంది. మాస్టారు నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు.

పూచీ పడింది కదా అని అనుమానం తగ్గిందనుకుంటే పొరపాటు. రెండింతలైంది. ఆయన బడికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మొహం పరీక్షగా చూసేది. ఆయన పొయ్యి మీద ఏం ఉడుకుతోందో మూత తీసి చూసేది, చూస్తున్నప్పుడే మజ్జిగ గిన్నె కూడా అక్కడ పెట్టి వచ్చేది. కడుపులో పుండుకు మంచిదట. పాఠంలో ప్రతి ప్రశ్నా ముందు నా చేత తెలుగులో చెప్పించుకుని, బాగుంటేనే పిల్లల్ని జవాబు చెప్పనిచ్చేది. నాన్నల దారుల ఊసు ఎత్తవద్దని ఆంక్ష పెట్టింది. నెమ్మదిగా పిల్లలు తిరిగి వచ్చారు, పాఠాలు మాత్రం మారిపోయాయి. 'మై ఫాదర్ గోస్ సమ్‌వేర్. హి కమ్స్ బ్యాక్ సమ్‌టైమ్.' మా ఊరి పిల్లలు పేటలో కాలేజీకి వెళ్లినప్పుడు, మీ నాన్నగారు ఏం చేస్తారని ఇంగ్లీషు లెక్చరరు అడిగితే, తప్పులేని ఇంగ్లీషులో 'హి గోస్ అవుట్ సర్' అని కూర్చునేవాళ్లు.

కొన్నాళ్లకు మాస్టారికి బదిలీ అయింది. అప్పుడు నాయనమ్మ నూజెండ్లలో చెల్లెలి ఇంట్లో చావుకు వెళ్లి దినం దాకా ఉండిపోయింది. ఆయన ఆగగలిగినంత ఆగి, మా నాన్నకు చెప్పి వెళ్లిపోయారు. కోటయ్య తాత కూడా అప్పటికి కాలం చేశాడు, పూచీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాయనమ్మ తిరిగి వచ్చి ఖాళీ గది చూసి, మూల మూలా వెతికి, "నాకు చెప్పకుండా పోయాడు, చూశావా. నేననుకోలా?" అంది. ఆ తర్వాత మాస్టారి జాడ మాకు తెలియలేదు. ఎక్కడ ఏ ఇంగ్లీషు మేష్టరి పేరు వినపడినా ఆమె చెవి అటు తిప్పేది. "మన మేష్టరేనేమో కనుక్కో. ఆయనింకా నా పూచీలోనే ఉన్నాడు" అనేది. ఇంట్లో ఇది ఒక వేళాకోళం అయిపోయింది. మా అమ్మ అయితే "మీ అత్తగారి దత్తపుత్రుడు ఎట్లా ఉన్నాడు?" అని ఇరుగుపొరుగు అడిగితే తనూ నవ్వేది. నాయనమ్మ ఒక్కతీ నవ్వేది కాదు.

అప్పటి కాలం బంగారమని నేననను. కాళ్లు విరగ్గొట్టుకున్న కాలం, అది పోవడమే మంచిది. ఇప్పుడు మా వీధిలో ప్రతి గేటుకీ కెమెరా ఉంది. ఇల్లు అద్దెకు కావాలంటే ఆధార్ కాపీ ఇస్తే చాలు, ఎవరి తాలూకని అడిగేవాళ్లు లేరు. కొత్త నంబరు నుంచి ఫోను వస్తే షబానా ఎత్తదు, నేనూ ఎత్తను. అనుమానంలో మేం మా నాయనమ్మకు ఏమీ తీసిపోలేదు. కాకపోతే మేం అనుమానించి తలుపు వేసుకుంటాం. నేను ఉద్యోగంలో ఉండగా ఎంతమంది పిల్లలకు మంచి నడవడిక ఉందని సంతకాలు చేశానో లెక్కలేదు. వాళ్లలో ఎవరు ఎక్కడ ఏం చేసినా నా గుమ్మంలోకి ఎవరూ రాలేదు, రారు కూడా. అందుకేనేమో ఒక్క సంతకమూ గుర్తు లేదు.

ఇదంతా విన్న షబానా, "మరి ఆయన చెప్పాడా, చెప్పలేదా టీచరమ్మా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

నాయనమ్మ మంచాన పడేసరికి నేను కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరాను. సెలవు పెట్టి వచ్చాను. ఒక ఉదయం వెంకటప్పయ్య కర్ర పొడుచుకుంటూ ఆమెను చూడటానికి వచ్చాడు. ఆ భారీ మనిషి సగమైపోయాడు, నవ్వు అసలే లేదు. నాయనమ్మ నన్ను ఆనించి కూర్చోబెట్టమంది.

"ఒరేయ్ ఎంకటప్పయ్యా, ఆ మేష్టరి పూచీ ఇంకా నా మీదే ఉంది. కోటయ్య పోయాడు. నువ్వు కూడా పోతే దించేవోడుండడు. దెబ్బ తిన్నోడివి, నువ్వంటే చాలు. దించు."

వెంకటప్పయ్య కింద కూలబడ్డాడు. కర్రను పక్కన పెట్టాడు. "ఆయన కాదత్తా" అన్నాడు. "నా దారి చెప్పింది మా తమ్ముడు. కాలి కట్టు ఇప్పకముందే నాకు తెలిసింది. తోడబుట్టినోణ్ణి బజాట్లో పెట్టలేకపోయా. ఇన్నాళ్లూ నిన్ను మోయనిచ్చా." పెద్దగా ఏడ్చాడు.

నాకు ఆ మనిషిని మెడ పట్టి బయటికి గెంటాలనిపించింది. ఒక అమాయకుడిని ఊరంతా దొంగ అంటుంటే, ఒక ముసలమ్మ ఆ బరువు ఎత్తుకుని తిరుగుతుంటే, ఈయనకు తెలిసి కూడా నోరు మూసుకున్నాడు. ఏదో అనబోయాను. నాయనమ్మ నా చెయ్యి నొక్కింది. "ఏడవమాకరా, పో. పోయి అన్నం తిను" అని అతన్ని పంపించేసింది.

కర్ర చప్పుడు బజారు మలుపు తిరిగే దాకా చెవి పెట్టి విని, ఆమె నన్ను దగ్గరికి వంగమంది.

"ఏమే, వాడు చెప్పింది నిజమేనంటావా?"

"నిజం కాకపోతే అంత ఏడుస్తాడా నాయనమ్మా?"

"చచ్చేదాన్ని గదా, ఏదోటి చెప్పి సాగనంపుదామని వచ్చాడేమో. ఆ తమ్ముడు చచ్చి చానా కాలమాయె. చచ్చినోడి మీదకి నెట్టటం ఎంత తేలిక." ఆయాసం తీర్చుకుంది. "రేపు వీడు మళ్లీ మాట మారిస్తే ఆ మేష్టరికి ఎవురున్నారు?"

"మరైతే పూచీ?"

ఆమె దుప్పటి మెడ దాకా లాక్కుని, గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.

"ఉండనీ నా మీదే. ఎందుకైనా మంచిది."